తుడిచినా పోని స్తంభం

ఫైల్ తెరుచుకోవడం లేదని క్లయింటు పొద్దున్నే ఫోన్ చేశాడు. రెండోసారి చేసినప్పుడు గొంతు పెంచాడు. మూడోసారి టీమ్ లీడ్ ఫోన్ ఎత్తకుండా నేరుగా చీపురు బల్ల దగ్గరికి వచ్చాడు.

"భోజనాల టైముకి ఈ ఫైల్ బరువు సగానికి దిగాలి. ఏం ఊడుస్తావో నీ ఇష్టం."

"ఏం ఊడ్చకూడదో చెప్పండి సార్, అది చాలు."

"కనిపించేది ఉంచు. కనిపించనిదంతా తీసెయ్."

చీపురు అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఆమె దానికి అలవాటు పడిపోయింది. కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్లో గోడలు, తలుపులు, పైపులతో సహా కట్టి చూపించడం ఆ ఆఫీసు పని. అందులో ఆమె వాటా చెత్త ఎత్తడం. ఎవరో ఒక సోఫా తెచ్చి పెట్టి చూస్తారు, నచ్చక తీసేస్తారు. సోఫా బొమ్మలోంచి పోతుంది కానీ ఫైల్ కడుపులో ఉండిపోతుంది. అలా వాడని సోఫాలు, కుళాయిలు, దీపాలు, ఎవరూ ఎన్నుకోని రంగులు పేరుకుని ఫైల్ ఉబ్బిపోతుంది.

ఈసారి ఉబ్బింది ఒక పాత ప్రింటింగ్ ప్రెస్ భవనం. దాన్ని కిడ్నీ క్లినిక్‌గా మారుస్తున్నారు. కింద యంత్రాల హాలు, దాని పక్కన కాగితాల గది, పైన నీళ్ల ట్యాంకు మోసే కాంక్రీటు అంతస్తు. మధ్య గోడ తీసేస్తే హాలూ గదీ ఒకటవుతాయి. ఆ గోడ కూల్చే కాంట్రాక్టు ఆమె బావది. బావ అంటే అక్క మొగుడు.

ఆమె వాడని సామాన్లను ఏరి తీసేసే పర్జ్ బటన్ నొక్కింది. వాడనివన్నీ వరుసకట్టి నిలబడ్డాయి. పోయాయి. మళ్లీ నొక్కింది. మొదటి విడతలో పోయిన వాటిని పట్టుకుని వేలాడుతున్నవి ఇప్పుడు అనాథలై బయటపడ్డాయి. అవీ పోయాయి. ఒక్కసారి ఊడ్చి చేతులు దులుపుకునేవాళ్లకి ఈ సంగతి తెలియదు. ఏమీ మిగలని దాకా నొక్కుతూనే ఉండాలి.

చివరికి పర్జ్ చేతులెత్తేసింది. అయినా ఆమె మిగిలిన సామాన్లు ఒకసారి కళ్లతో తడిమింది. స్తంభాల వరుసలో ఒక పేరు దగ్గర ఆగిపోయింది.

పాత ఇనుప స్తంభం.

ఈ భవనమంతా ఇటుక, కాంక్రీటు. ఇనుప స్తంభం ఏ డ్రాయింగ్‌లోనూ లేదు. లేనప్పుడు పర్జ్ దాన్ని ఊడ్చేయాలి. ఊడ్చలేదంటే ఎక్కడో వాడుకలో ఉన్నట్టే.

ఆమె దాని మీద క్లిక్ చేసి, ప్రాజెక్టు మొత్తంలో అది ఎక్కడుందో వెతకమంది. ఒకటి దొరికిందని తెర చెప్పింది. తెర మీద మాత్రం ఏమీ కనిపించలేదు.

కింది అంచున చిన్న బల్బు గుర్తు ఉంటుంది. దాచినవాటిని చూపించే గుర్తు. నొక్కింది. ప్లాన్ చుట్టూ గులాబీ రంగు అంచు మెరిసింది. హాలుకీ కాగితాల గదికీ మధ్య గోడలో, సరిగ్గా నడుమ, అదే రంగులో ఒక ఇనుప స్తంభం ప్రత్యక్షమైంది.

ఆ గోడ మీద ఎర్ర గీతలు ఉన్నాయి. కూల్చివేయవలసినది. పక్కన ఒక మాట: భారం మోయని గోడ.

"పెయింటరూ, ఇలా రా."

పెయింటర్ నిజానికి రంగులు వేయడు. క్లయింట్లకు చూపించే అందమైన బొమ్మలు చేస్తాడు. టీ కప్పుతో వచ్చి తెర చూశాడు.

"ఓ, ఆ నల్ల మచ్చా? సర్వే వాళ్లు గోడకి చిల్లుపెట్టి చూసి, ఫైల్‌లో పెట్టారు. నా బొమ్మలో దిష్టి చుక్కలా ఉందని దాచేశాను. తీసెయ్యలేదు తల్లీ, దాచానంతే. ఎక్కడికి పోతుంది?"

"ఏ ప్లాన్లో దాచావు?"

"క్లయింటుకి చూపించినదాంట్లో."

"కూల్చే డ్రాయింగ్ ఆ ప్లాన్‌కి కాపీ తీసే కదా చేశారు?"

పెయింటర్ కప్పు కింద పెట్టాడు. ప్లాన్‌ని కాపీ తీస్తే అందులో దాచినది కాపీలోనూ దాగే ఉంటుంది. ఆ గదిలో కూర్చున్న ప్రతివాడికీ తెలిసిన విషయం. గుర్తు రావలసిన రోజున ఒక్కడికీ గుర్తు రాలేదు.

"స్ట్రక్చరల్ ఇంజనీరు?" అన్నాడు మెల్లగా.

"ఆయనకీ ఆ కాపీయే పంపాం. చూసి భారం లేదని రాశాడు."

ఆమె అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది. బావ ఎత్తలేదు. అక్కకి చేసింది.

"పనిలో ఉంటే ఆయన ఫోన్ ఎక్కడ ఎత్తుతారే," అంది అక్క. "మెషిన్ చప్పుడులో వినపడదు. ఈ రోజు గోడ కూర్చోబెడుతున్నారు. పొద్దున్నే పెళ్లికొడుకులా తయారై వెళ్లారు. ఏం, ఏమైంది?"

"ఏం లేదు. డ్రాయింగ్‌లో ఒక మార్పు. ఆయనకి ఫోన్ చేస్తూనే ఉండు. ఎత్తితే గోడ ముట్టుకోవద్దని చెప్పు."

గోడని కూర్చోబెట్టడం బావ సొంత విద్య. భోజనాల దగ్గర అన్నం చల్లారిపోయేదాకా వర్ణిస్తాడు. గోడని కొట్టడు. అడుగున ఒక గాటు కోస్తాడు. ఛాతీ ఎత్తున రెండు చిల్లులు పెట్టి, వాటిగుండా గొలుసు దూర్చి, మట్టి తవ్వే మెషిన్‌కి కట్టి లాగిస్తాడు. గోడ ఒక్క ముక్కగా ఇసుక మీద ఒరుగుతుంది. తాను గోడ పక్కనే నిలబడి చేయి ఊపుతూ మెషిన్ నడిపిస్తాడు.

చిల్లులు స్తంభానికి ఆ పక్కా ఈ పక్కా పడితే గొలుసు స్తంభాన్నే చుట్టుకుంటుంది. లాగితే వచ్చేది గోడ ఒక్కటే కాదు. పైన ట్యాంకు ఉంది. కింద బావ ఉన్నాడు.

లీడ్ గది తలుపు ఆమె తట్టలేదు, తోసింది.

"సార్, సైట్ ఆపించండి. గోడలో స్తంభం ఉంది."

లీడ్ విన్నాడు. మొహంలో రంగు మారింది. తర్వాత తలుపు వేశాడు.

"మనం ఫోన్ చేసి ఆపితే ఎందుకని అడుగుతారు. అడిగితే మనం తప్పు డ్రాయింగ్ ఇచ్చామని రాసివ్వాలి. ఒక గంట ఆగు. సవరించిన డ్రాయింగ్ పద్ధతి ప్రకారం పంపిద్దాం. నువ్వు ముందు ఆ ఫైల్ సంగతి చూడు."

"గంటకి గోడ ఉండదు సార్."

"ఇనుము తగిలితే వాళ్లే ఆపుతారు. మీ బావ చిన్నపిల్లాడా?"

"ఆయన కొట్టడు సార్, లాగుతాడు. తగిలినట్టు తెలిసేసరికి పైకప్పు ఉండదు."

"చూడమ్మా, నువ్వు ఇప్పుడు బయటికి వెళితే ఈ ఫైల్ ఎవరు..."

ఆమె అప్పటికే బయట ఉంది. మెట్ల దగ్గర పెయింటర్ బైక్ తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ స్కూటర్ ముసలిది. నా బండి ఎక్కు."

దారిలో ఒక కూడలి దగ్గర ఎర్ర దీపం పడితే పెయింటర్ ఆగలేదు. ఎదురుగా వచ్చిన పాల వ్యాన్ డ్రైవర్ వాళ్ల ఏడు తరాలనూ గుర్తు చేశాడు. ఆమె ఒక చేత్తో బావకి ఫోన్ చేస్తూనే ఉంది.

ప్రెస్ భవనం గేటు తీసే ఉంది. హాలు ముందరి భాగం విప్పేశారు. లోపల ఎర్ర టేపు కట్టి ఉంది. టేపు అవతల మెషిన్, దాని వెనక నుంచి గోడ దాకా గొలుసు. గొలుసు నేల మీద లేదు. గాల్లో బిగుసుకుని ఉంది. గోడ పక్కన బావ, తలకి హెల్మెట్, చేయి పైకెత్తి ఉన్నాడు.

ఆమె అరిచింది. ఆ రొదలో ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. పెయింటర్ రెండు చేతులూ ఊపాడు. మెషిన్ ఆపరేటర్ చూపు బావ చేతి మీద ఉంది.

బావ పనిలో ఒక నియమం ఉంది. టేపు లోపలికి మనిషి అడుగుపెడితే, ఎవరైనా సరే, ఆపరేటర్ సైగ కోసం చూడకుండా ఇంజన్ ఆపేయాలి. ఇది కూడా ఆమె భోజనాల దగ్గరే విన్నది.

టేపు ఎత్తి లోపలికి నడిచింది. పరుగెత్తలేదు. ఆపరేటర్ అద్దానికి ఎదురుగా వచ్చి నిలబడింది.

ఇంజన్ ఆగింది.

"ఎవడ్రా ఆపింది!" అని తిరిగిన బావ ఆమెను చూసి ఇంకా మండిపడ్డాడు. "మరదలా! బుద్ధుందా నీకు? గొలుసు తెగి తగిలితే రెండు ముక్కలయ్యేదానివి. మీ అక్కకి నేనేం సమాధానం చెప్పాలి?"

"నీ గురించి మా అక్కకి నేను చెప్పాల్సొచ్చేది బావా. ముందు ఇటు రా. గోడలో స్తంభం ఉంది."

"డ్రాయింగ్‌లో లేదు."

"ఫైల్‌లో ఉంది."

"అదేం మాట? ఫైల్‌లో ఉన్నది డ్రాయింగ్‌లో ఎందుకుండదు?"

పెయింటర్ టేపు అవతలి నుంచే అన్నాడు. "నేను దాచాను. బొమ్మ బాగుండాలని."

బావ అతన్ని ఎగాదిగా చూశాడు. ముందు ఆపరేటర్‌తో గొలుసు వదులు చేయించాడు. సుత్తి తీసుకుని, రెండు చిల్లుల నడుమ గారను మెల్లగా రాల్చాడు. గార, ఇటుక పెచ్చు, మళ్లీ గార. ఆ తర్వాత సుత్తి చప్పుడు మారింది.

తుప్పు పట్టిన ఇనుము. గొలుసు దాన్ని నడుము చుట్టూ పట్టుకుని ఉంది.

బావ తల ఎత్తి పైకప్పు వైపు చూశాడు. గోడ పైఅంచున వెంట్రుకంత బీట ఒకటి పొద్దున లేనిది ఇప్పుడు ఉంది. మనుషులందర్నీ బయటికి పొమ్మన్నాడు. తాను ఆఖర్న వచ్చాడు. బయట ఇటుకల కుప్ప మీద కూర్చుని హెల్మెట్ తీశాడు.

"ఇంకొక్కసారి చేయి ఊపితే..." అని ఆపేశాడు. హెల్మెట్ దుమ్ము దులుపుతూ, "మీ అక్కకి చెప్పకు," అన్నాడు.

"ఆవిడ నీకు ఫోన్ చేస్తూనే ఉంది. చూసుకో."

"చచ్చాను," అన్నాడు బావ, ఈసారి నిజంగా భయపడి.

సాయంత్రానికి పైకప్పు కింద జాకీలు పెట్టారు. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి, చూసి, ఫొటోలు తీసుకున్నాడు. తప్పు డ్రాయింగ్ తమదేనని లీడ్ రాసివ్వక తప్పలేదు. కింద ఎవరి సంతకం ఉండాలన్న దగ్గర ఆగాడు. పెయింటర్ కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. దాని కింద లీడ్ కూడా పెట్టాడు. తప్పు ఒప్పుకున్న ఆ రెండు సంతకాల వల్లే చీపురు మర్నాడు కూడా ఆఫీసుకి వచ్చింది.

ఆమె ప్రతి ప్లాన్‌లోనూ బల్బు నొక్కి, దాచినవన్నీ బయటికి లాగింది. ఆ తర్వాతే మళ్లీ ఊడ్చింది. ఫైల్ తేలికైంది. క్లయింటుకి పంపారు. తెరుచుకుంది.

కాసేపటికి క్లయింటు ఫోన్ చేశాడు. లీడ్ స్పీకర్ పెట్టాడు.

"ఫైల్ బాగుందండీ, చకచకా నడుస్తోంది. కానీ రోగులు కూర్చునే హాలు మధ్యలో ఏదో నల్ల మచ్చ వచ్చింది. చూడ్డానికి బాలేదు. దాన్ని కాస్త తీసేస్తారా?"

లీడ్ చీపురు వైపు చూశాడు. చీపురు పెయింటర్ వైపు చూసింది.

పెయింటర్ ఫోన్ దగ్గరికి వంగాడు.

"కుదరదండీ. పైకప్పు దాని మీదే ఉంది."