పదహారేళ్ళు చెడని వాషింగ్ మెషీన్

తేజ రాయదుర్గంలో ఓ కంపెనీలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాడు. తప్పులు పట్టడానికి జీతమిచ్చి మనిషిని పాడుచేశాక, ఇంటికొచ్చి మాత్రం ఊరుకుంటాడా? నిజాంపేటలో వాళ్ళ ఫ్లాటులోని వాషింగ్ మెషీన్ ఎండాకాలంలో మూలన పడింది. వానలు మొదలైనా కొత్తది రాలేదు. దుప్పట్లతో సహా అన్నీ చేత్తో ఉతికి ఉతికి అతని భార్య ఉమాశ్రీ వేళ్ళు పగిలిపోయాయి. పప్పులో ఉప్పు వేయాలన్నా భయపడుతోంది పాపం.

"ఏదో ఒకటి కొనేయండి బాబూ," అని ఆమె బతిమాలింది.

"ఆన్‌లైన్లో మెచ్చుకునేవాళ్ళంతా కొని వారం కానివాళ్ళే ఉమా. కొత్త పెళ్ళికొడుకుని అడిగితే పెళ్ళాం బంగారమనే అంటాడు. పదేళ్ళు కాపురం చేసినవాణ్ణి అడగాలి," అన్నాడు తేజ.

పదేళ్ళుగా అతనితో కాపురం చేస్తున్న ఉమాశ్రీ చేతిలోని దుప్పటిని ఇంకాస్త గట్టిగా పిండింది.

పెళ్ళి సంబంధం వాకబుకు వెళ్ళినట్టు ఆదివారాలు కాలనీలన్నీ తిరిగాడు. ఎక్కడ విన్నా ఒకటే ఏడుపు, మోటారు పోయిందనో బోర్డు కాలిందనో. చివరికి లింగంపల్లిలో ఉండే ఆఫీసు స్నేహితుడు దినేశ్ వాళ్ళమ్మ సక్కుబాయి ఇంట్లో ఓ పాత మెషీన్ దొరికింది, ముందుగదిలో, కుట్టుపూల ముసుగులో, కుంకుమ బొట్టుతో.

"ఎన్నేళ్ళయిందండీ ఇది కొని?"

"చిట్టీల లక్కీ డ్రాల ఒచ్చింది బిడ్డా. పదహారేండ్లాయె. ఒక్కనాడు ఖరాబ్ కాలే."

తేజకు కళ్ళు చెమర్చాయి. అనుమతి అడిగి, మెల్లగా మూత ఎత్తాడు. లోపల అంచుదాకా బియ్యం.

"పురుగు పట్టది," అంది సక్కుబాయి గర్వంగా. "బట్టలా? గింత మంచి మెషీన్ల మాసిన బట్టలేస్తరా ఎవలన్న? దసరకు బొట్టువెట్టి మొక్కుతం."

ఇంకొకడైతే నవ్వుకుని ఇంటికొచ్చేవాడు. తేజ మాత్రం దారి పొడవునా లెక్కలు వేసుకుంటూనే వచ్చాడు. చెడినవాటికీ చెడనిదానికీ తేడా తెలిసిపోయింది! ఇల్లు చేరేలోపే ఫోన్లో అదే కంపెనీ మెషీన్ కొనేశాడు.

మెషీన్ వచ్చిన రోజు ఉమాశ్రీకి ఏడుపొచ్చినంత సంతోషం. దుప్పట్లు ఎత్తుకుని పరుగున వచ్చింది. తేజ చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. అప్పటికే ప్లాస్టిక్ తీయకుండానే దానికి బొట్టు పెట్టి, పైన ముసుగు కప్పేశాడు.

"బట్టలు వేయబట్టే ఇవి చెడిపోతున్నాయి ఉమా. వేయకపోతే పదహారేళ్ళు ఢోకా లేదు. నేను కళ్ళారా చూశాను."

ఉమాశ్రీ తన వేళ్ళకేసి చూసుకుంది. దుప్పట్లు కింద పడేసింది. మెషీన్ మీది ముసుగు లాగి తను కప్పుకుంది. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకుని సోఫాలో కూర్చుంది.

"ఇదేంటి ఉమా?"

"నేనూ ఇంకో పదహారేళ్ళు రావాలి కదండీ. వాడకండి."

ఆ వారమంతా వంటా ఉతుకుడూ తేజే చేశాడు. తన వేళ్ళు పగిలిన రోజున ప్లాస్టిక్ చింపేసి, దుప్పట్లు కుక్కి, స్విచ్ వేశాడు. మెషీన్ చక్కగా తిరిగింది. ఉమాశ్రీ మాత్రం ముసుగు తీయలేదు.