తెర లాగినవాడి పేరు

శంకరరావు గిలకలో నూనె చుక్క వేసి తాడును రెండుసార్లు లాగి చూశాడు. మొదటిసారి కీచుమంది, రెండోసారి ఊరుకుంది. బొగ్గు ఇంజన్ల కాలంలో కట్టిన రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు అది. స్టేజికి పరిచినవి పట్టాల కింద వేసే స్లీపర్లని కోసి వేసిన చెక్కలే. ఒకప్పుడు విజయనగరం నుంచీ శ్రీకాకుళం నుంచీ నాటక సమాజాలు రైలెక్కి హిందీవాళ్ళ ఊరైన ఈ బిలాస్‌పూర్ వచ్చి, మూడేసి రోజులు పద్యాలు పాడి వెళ్ళేవి. ఇప్పుడు తెలుగువాళ్ళ సమితి ఏడాదికో ఆదివారం పొద్దున ఒక్క సీను ఆడి, పులిహోర తిని, ఫొటోలు దిగి ఇళ్ళకు పోతోంది.

స్టేజి కుడిపక్కన ఆ మూలలో శంకరరావు నలభై తొమ్మిదేళ్ళుగా నిలబడుతున్నాడు. పొట్టి మనిషి. తాడు లాగీ లాగీ కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. అరచేతుల్లో గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఏ జ్యోతిష్కుడైనా చెయ్యి చాపమంటే ఆ జ్యోతిష్కుడే బిక్కమొహం వెయ్యాలి. లోకోషెడ్డులో ఖలాసీగా చేరి ఖలాసీగానే రిటైరయ్యాడు. ఎవరితోనూ పేచీ లేదు, ఎవరికీ గుర్తూ లేడు.

పద్యం పాడినవాడికి వన్స్‌మోర్లు. హార్మోనియం వాయించినవాడికి శాలువా. ఆఖరికి మైకు అద్దెకిచ్చినవాడికి కూడా పేరుపెట్టి కృతజ్ఞతలు. తెర లాగినవాడి పేరు మాత్రం ఆ హాల్లో ఒక్కనాడూ వినపడలేదు. ఏటా కృతజ్ఞతలు చదివేటప్పుడు ఆయన తాడు పట్టుకుని, చెవులు రిక్కించి నిలబడేవాడు. తర్వాత ఇంటికి పోయి అన్నం తినేవాడు.

ఈ ఏడాది సంగతి వేరు. వచ్చే నెల తెరకి మోటారు బిగిస్తున్నారు. అందుకేనేమో సమితి కార్యదర్శి తిరుమలరావు మనసు కాస్త కరిగింది.

“ఒరే శంకరం, ఈపాలి నీ పేరు సదివించేస్తాన్రా. కాయితం మీద రాసి మా మనవరాలికియ్యి,” అన్నాడు.

మనవరాలు రాజశ్రీ మైకు ముందు మాట్లాడే పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. శంకరరావు కూడబలుక్కుని హిందీ అక్షరాల్లో రాశాడు. షెడ్డులో ఫోర్‌మన్ల బోర్డొకటి ఉండేది, పేరు పక్కన ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా చేశారో తెల్లరంగుతో రాసి. ఖలాసీల పేర్లు దానికెక్కవు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ బోర్డు తుడిచినవాడు కాబట్టి, దాని పద్ధతిలోనే తన పేరూ రాసుకున్నాడు. శంకరరావు, 1976 – 2025. తెర లాగేవాడినని ప్రత్యేకంగా రాయలేదు. అది తెలియనిదెవరికి అనుకున్నాడు. రాజశ్రీ ఇంకా రాలేదని, మైకు దగ్గరున్న మిగతా కాగితాల్లో దాన్ని పెట్టేశాడు.

భార్య కనకం కుదుదండ్ పేటలోని ఇంటి నుంచి ఆటోలో గంట ముందే వచ్చి మూడో వరసలో కూర్చుంది. కలరా ఉండల వాసనేస్తున్న పట్టుచీర కట్టుకుంది.

“నీ పేరు సదివినప్పుడు నాను సప్పట్లు కొట్టొచ్చా?” అని పొద్దున్నే అడిగింది.

“అందరూ కొడితే కొట్టు,” అన్నాడు శంకరరావు.

ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. నాటకానికి ముందు, ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. తెర మూసే ఉండాలి. పాత తెర కాబట్టి తాడు బిగించి పట్టుకోకపోతే నడిమికి విడిపోతుంది, వెనకాల కిరీటం సర్దుకుంటున్న రాజుగారు బయటపడతారు.

రాజశ్రీ మొదలుపెట్టింది. ఒకటో పేరు, రెండో పేరు, మూడో పేరు, ప్రతి పేరుకీ రెండేసి సంవత్సరాలు.

“స్వర్గీయ శంకరరావు జీ. పంతొమ్మిదివందల డెబ్భై ఆరు నుంచి రెండువేల పాతిక వరకు. అందరూ లేచి నిలబడండి ప్లీజ్.”

సంవత్సరాలున్న కాగితాలన్నీ పోయినవాళ్ళవే అనుకుంది ఆ పిల్ల. నలభై తొమ్మిదేళ్ళకే పోయాడు పాపం, అని జాలి కూడా పడింది.

హాలంతా కుర్చీలు కిర్రుమన్నాయి. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద ఆఫీసరు తల వంచి నిలబడ్డాడు. శంకరరావు మూలలోంచి తల బయటికి పెట్టబోయి ఆగాడు. తాడు మాత్రం వదల్లేదు.

పక్క తలుపు తోసుకుని కనకం పరిగెత్తుకొచ్చింది. మొగుణ్ణి చూసి, భుజాలు తడిమి, అప్పుడు ఏడ్చింది.

“బతికున్న మనిషిని సంపేసినారేటి? నీకు నోరు లేదేటి?”

“తెర పట్టుకుని ఉన్నాను గదే,” అన్నాడాయన గొంతు తగ్గించి.

తిరుమలరావు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. “వదినా, గోల సెయ్యకు. సాహెబ్ నిలబడి మౌనం పాటించినాడు. ఇప్పుడు బతికే ఉన్నాడంటే మా పరువేటి కావాల? శంకరం, సాహెబ్ కారెక్కేదాకా నువ్వు బయటికి రాకు.”

“అచ్ఛా. మరి ఆఖర్న కృతజ్ఞతల్లోనన్నా సదివించు బాబూ,” అన్నాడు శంకరరావు. జీవితంలో ఆయన ఎవరినైనా రెండోసారి అడిగింది అదొక్కటే.

“ఒకే పేరు రెండు దగ్గర్ల సదివితే జనం నవ్వరేటి?” అనేసి తిరుమలరావు వెళ్ళిపోయాడు.

శ్రుతి వినపడింది. శంకరరావు తెర తీశాడు. “దెయ్యం తెర లాగుతోంది రోయ్,” అన్నాడు కిరీటం పెట్టుకున్న రాజు, ఏడుపు పద్యానికి గొంతు సవరించుకుంటూ. పక్కనున్న మంత్రి ఇకిలించాడు. తర్వాత పద్యం బాగా పండింది, వన్స్‌మోర్ కూడా పడింది.

కృతజ్ఞతలు చదివారు. మైకువాడు, పులిహోర వండినవాడు, మోటారు బిగించబోయే కంపెనీ. శంకరరావు చెవులు రిక్కించలేదు. ఆఖరిసారి తెర మూసి, తాడు కొక్కేనికి చుట్టి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బయట వరండాలో విస్తళ్ళ చప్పుడు, నవ్వులు. ఆయనకి భోజనం పంపిస్తామన్నవాళ్ళు మరిచిపోయారు.

ఆఫీసరు కారు కదిలాక కనకం పిలవడానికి వచ్చింది. రెండుసార్లు పిలిచి, మూడోసారి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

మరుసటి ఏడు కనకం మళ్ళీ మూడో వరసలో కూర్చుంది. ఈసారి నేతచీర. ఐదు పేర్లు చదివారు, అందులో మొగుడి పేరు లేదు. మౌనం అయ్యేదాకా ఆగి రాజశ్రీ దగ్గరికి వెళ్ళింది.

“ఆయన పేరు సదవలేదేటమ్మా?”

“పోయినసారే చదివేశాం కదా ఆంటీ. ఒక్కొక్కరిది ఏక్ హీ బార్, ఒక్కసారే,” అంది రాజశ్రీ. పిల్ల నెమ్మదిగానే చెప్పింది, ఆవిడ కూర్చోవడానికి కుర్చీ కూడా చూపించింది.

కనకం కూర్చోలేదు. కుడిపక్క మూలకి వెళ్ళి నిలబడింది. గోడకున్న బొత్తాం ఎవరో నొక్కారు, తెర దానంతటదే తెరుచుకుంది. తల పైకెత్తి చూసింది. ముందువైపు దూలానికి, ఆవిడ చేతికందని ఎత్తున, ఎన్నేళ్ళ కిందటో ఇంట్లో పోయిందని తను మొగుడితో పోట్లాడిన గడ్డం గీసుకునే అద్దం, అంచు పగిలినది, ఇనపతీగతో కట్టి, ఆ మూలన నిలబడినవాడికి పాడేవాళ్ళ ముఖాలు కనపడేలా వంచి ఉంది.