బొట్టు పెట్టిన కాగితం

ఫుజైరా ఊరి బయట చౌరస్తా దాటుతుండగా పోలీసు చెయ్యెత్తాడు. రాజలింగం పికప్పును పక్కకు తీసి ఆపాడు. వెనక మంచినీళ్ల డ్రమ్ములు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. క్రషర్ దగ్గర కంకర కొట్టేవాళ్లు నీళ్లకోసం చూస్తుంటారని అతని తొందర.

పోలీసు లైసెన్సు చూశాడు, బండి కార్డు చూశాడు, తర్వాత "తామీన్" అన్నాడు. ఇన్సూరెన్సు అడుగుతున్నాడని రాజలింగానికి తెలిసింది. సీటు ముందరి డబ్బాలోంచి కాగితం తీసి రెండు చేతులా అందించాడు. మడత విప్పగానే జమ్మి ఆకులు రాలాయి. కాగితం అంచులకు పసుపు, నడిమధ్యన ఇంత కుంకుమ బొట్టు!

మొన్న దసరాకు క్యాంపులో వాళ్లంతా గడ్డపారలకూ సమ్మెటలకూ బొట్లు పెట్టుకున్నారు. రాజలింగం బండికి పెట్టాడు. ఊరుకోవచ్చు కదా, బండి ప్రాణమంతా కాగితంలోనే ఉందని ఎవరో అంటే దానికీ పెట్టాడు.

"ఘాఫ్?" అన్నాడు పోలీసు ఆకును చూసి నవ్వుతూ. జమ్మిని ఇక్కడ అలాగే అంటారు. రాజలింగమూ నవ్వాడు, గండం గడిచిందనుకున్నాడు. కానీ పోలీసు కాగితాన్ని ఎండకు ఎత్తి చూసి, బొట్టు మీద వేలు పెట్టి ఏదో అడిగాడు. తర్వాత చలానా రాసి చేతిలో పెట్టి, లైసెన్సు తన జేబులో వేసుకున్నాడు. మంచి కాగితం తెస్తే ఇస్తానన్నాడో, ఇక ఇవ్వనే ఇవ్వనన్నాడో రాజలింగానికి అంతు చిక్కలేదు.

లైసెన్సు పోతే మళ్లీ క్రషరే. గల్ఫుకు వచ్చిన నాటినుంచి పోయినేడు దాకా ఆ దుమ్ములోనే బతికాడు. రాత్రంతా దగ్గేవాడు. పరీక్షలో తప్పీ తప్పీ చివరికి లైసెన్సు తెచ్చుకుని ఈ సీటెక్కాక దగ్గు తగ్గింది. ఇంటి దగ్గర భార్య లక్ష్మవ్వ ఆ మాట విని కొమురెల్లి మల్లన్నకు పట్నం ముగ్గు వేయించి మొక్కు తీర్చింది. ఇప్పుడు ఆమెకేం చెప్పాలి? దేవుడి పేర పెట్టిన బొట్టే కొంప ముంచిందనా?

నీళ్లు దించేసి ఇన్సూరెన్సు ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా హిదాయతుల్లాది కోరుట్ల. తెలుగు వినబడగానే రాజలింగానికి ఏడుపొచ్చినంత పనైంది.

"జర తుడువు భాయ్. నాదే తప్పు. మంచికని పెట్టిన," అన్నాడు.

హిదాయతుల్లా తడి దూదితో మెల్లగా అద్దాడు. కుంకుమ కింద అరబ్బీ అంకెలు తేలాయి. అతని మొహం మారింది.

"నీ బొట్టుది తప్పు కాదన్నా. గడువే ఖలాస్. శ్రావణంలనే అయిపోయింది. మీ కంపెనీ మళ్ల కట్టలే."

"మరి నేను దసరాకు పూజ జేసిన గదా?"

"సచ్చిపోయిన కాయితానికి జేసినవ్."

రాజలింగానికి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. తప్పు తనది కాదు. అయితే ఎవరిది? బొట్టు లేకపోతే పోలీసు వదిలేవాడా, ఇంకా ముందే పట్టుకునేవాడా? ఆలోచించిన కొద్దీ తల తిరిగింది. సరే, కంపెనీ కట్టలేదు కాబట్టి ముదీర్, అదే మేనేజరు, తనను ఏమీ అనడని మాత్రం ధైర్యం తెచ్చుకున్నాడు.

ముదీర్ కాగితం చూశాడు, చలానా చూశాడు.

"గాడీ కౌన్ చలాతా?"

"నేనే సాబ్."

"తో తారీఖ్ కౌన్ దేఖేగా?"

తారీఖు చూడ్డానికి తనకు ఆ అరబ్బీ అంకెలు చదవరావన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే చదవరానివాడికి బండెవరిచ్చారంటాడు. అనకపోతే చూసి కూడా దాచాడంటాడు. రాజలింగం తల వంచుకుని నిలబడ్డాడు. ముదీర్ అదే ఒప్పుకోలు అనుకున్నాడు. ఇన్సూరెన్సు రేపు కడతామన్నాడు, లైసెన్సూ తెప్పిస్తానన్నాడు. బండి మాత్రం ఇక ఇంకో డ్రైవరు అమీర్ జాన్‌ది. "తుమ్ క్రషర్ జావ్. యల్లా," అని తలుపు చూపించాడు.

అమీర్ జాన్ పెషావర్‌వాడు, మంచివాడు. రాజలింగాన్ని పక్కన కూర్చోబెట్టుకుని క్రషర్ దాకా తోలాడు. దారంతా అతని వైపు చూడలేకపోయాడు.

"మేరా కసూర్ నహీ, భాయ్."

"నీ తప్పు గాదు. నాది గూడ గాదట," అన్నాడు రాజలింగం. "రెండో గేరు మొండికేస్తది. క్లచ్చి నిండ తొక్కు," అని కాలు నొక్కి చూపించాడు.

క్రషర్ కనబడకముందే దాని దుమ్ము కనబడింది. రాజలింగం దిగి తలుపు వేశాడు. చప్పుడు రాకుండా వేశాడు. నాలుగడుగులు వేసేసరికే దుమ్ము నడుము దాకా కమ్మింది, మొదటి దగ్గు వచ్చింది. ముక్కుకు కట్టుకోవడానికి భుజం తడుముకున్నాడు, తువ్వాల లేదు. అది చూసి వెనక అమీర్ జాన్ కేక వేశాడు, హారన్ కొట్టాడు. రాళ్లు నలిగే మోతలో అదేదీ అతనికి వినబడలేదు.

డ్రైవరు సీటు మీద, అమీర్ జాన్ కింద, రాజలింగం క్రషర్ రోజుల్లో ముక్కుకు కట్టుకున్న ఎర్ర గళ్ల తువ్వాల, అతను కూర్చుని కూర్చుని నడుమ పలచబడి, నాలుగు మడతలతో అలాగే పరిచి ఉంది.