రాణి పేజీ

ఇరవై ఎనిమిదేళ్ల మిలిటరీ కొలువులో నాకు తగిలినవాళ్లందరినీ పుస్తకంలోకి ఎక్కించానని మొన్నటిదాకా కాలర్ ఎగరేసుకుని తిరిగాను. కర్నల్ మొదలు క్షవరం చేసినవాడి దాకా అందరూ ఉన్నారు. అచ్చేయించి మా కల్లూరు చర్చిలో పంచాను కూడా. మా ఆవిడ కృపమణి మాత్రం మూతి ముడుచుకుంది.

“నాకు ఒక్క ముక్క, ఆ కంచరగాడిదకు రెండు పేజీలా? దాన్నే పెండ్లి చేసుకోకపోతివా!”

కొండల మీద మా సామాన్లు మోసిన రాణి అది. నా చేతుల్లోనే పోయింది. రాయకుండా ఎలా ఉంటాను?

పోయిన ఆదివారం ఆదోని వైపు పల్లె నుంచి గంగక్క వచ్చింది. షేర్ ఆటో దిగి, వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఇల్లు పట్టుకుందట. ఆమె కొడుకు నాగరాజ్ మా యూనిట్‌లో చేరిన కొన్నాళ్లకే, కొండ మీద చలికి జబ్బుచేసి చనిపోయాడు. కుర్చీ వేసినా నేల మీదే కూర్చుంది.

“లేవి సారూ, అందరి గురించీ రాసినావంట. నాకు సదువు రాదు. నా కొడుకుది సదువప్పా, ఇంటా.”

పుస్తకంలో నాగరాజ్ లేడు. అసలు వాడి ముఖమే నాకు గుర్తు లేదు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పను? రాణి పేజీ తీశాను. రాణి అని ఉన్నచోటల్లా నాగరాజ్ అని చదివాను.

“ఎంత బరువెత్తినా మొరాయించేవాడు కాదు. బెల్లం ముక్క కనిపిస్తే చాలు, నా వెంటే తిరిగేవాడు.”

“అవునప్పా! బెల్లమంటే పానం వానికి!” గంగక్క ఏడుస్తూనే నవ్వింది. “కడకు వాని దగ్గర ఎవురుండ్రి?”

“రాత్రంతా తల నా ఒడిలోనే పెట్టుకున్నాను. తెల్లారేసరికి ప్రాణం పోయింది.”

వంటింటి గుమ్మంలో కృపమణి టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

గంగక్క నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. “ఒక్కడే పోయినాడేమో అని ఇన్నేండ్లూ కుమిలిపోయినా. ఇంక సాలప్పా. ఆ బుక్కు నాకియ్యి.”

“ఉన్నది ఇదొక్కటేనమ్మా.” మంచం కింద కట్టలు కట్టలున్నాయి.

“అట్లయితే వచ్చే ఆదివారం వాని కూతురు శివానిని పిల్చకొస్తా. నాయన మొగం సూడలేదది. శానా బాగా సదువుతాది. ఈడనే కూచోని ఎత్తి రాసుకుంటాది.”

ఆమె వెళ్లాక కృపమణి తల పట్టుకుంది. “ఎంత పని చేస్తివయ్యా!”

ఆ రోజు నుంచీ నాగరాజ్ గురించి నిజంగా నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటున్నాను. పాత దోస్తులకు ఫోన్లు చేశాను. ఎవరికీ గుర్తులేడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కళ్లు మూసుకుంటే రాణి నొసటి మీది తెల్లమచ్చ కనిపిస్తోంది, వాడు మాత్రం కనిపించడం లేదు.

రేపే ఆదివారం.