మూడో గడి

ఈరోజు ఉదయం ఐదుంబావు నుంచి నేను సోమరిపోతుని. మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాను. మూడు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టడానికి బద్ధకంగా ఉంది.

మేడ మీద నూట అరవై మంది ఒకే గొంతుతో నన్ను బట్టీ పడుతున్నారు. "ఇండోలెంట్. ఇండోలెంట్ అంటే సోమరి. హైమవతి ఈజ్ ఇండోలెంట్." మూడుసార్లు అంటారు. మూడోసారికి నా మోకాళ్లలోని బలం కిందికి దిగి, మంచం కింద చాప పరుచుకుని పడుకుంటుంది.

హైమవతిని నేనే. హైమవతి గురించి వాక్యాలు రాసేది మా ఆయన కోదండపాణి. మేడ మీద కోచింగ్ సెంటర్లో ఉద్యోగ పరీక్షలకు ఇంగ్లీషు చెబుతారు. మేడ కరస్పాండెంటుగారిది, కింది వాటాలో మేముంటాం. ఒక్కో బ్యాచ్‌కు రెండు రోజులకో కాగితం, కాగితానికి పన్నెండు కష్టమైన మాటలు, మాటకు నాలుగు గడులు. మొదటి గడిలో మాట, రెండో గడిలో దాన్ని ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో, మూడో గడిలో అర్థం, నాలుగో గడిలో ఉదాహరణ వాక్యం. మొదటి రెండూ నిఘంటువు చూసి ఎవరైనా నింపుతారు. నాలుగోది ఆయన రాస్తారు. మూడోది నేను రాస్తాను.

"అర్థం రాయడం గుమాస్తా పని హైమా. ఉదాహరణ రాయడానికే ప్రతిభ కావాలి," అంటారు ఆయన. ఆ ప్రతిభకు ఒక మనిషి కావాలి. చేతికి అందే దూరంలో ఉన్న మనిషిని నేను.

కొత్త కాగితం చదివేదాకా పాత వాక్యం అమల్లో ఉంటుంది. పోయిన బుధవారం నేను కార్పులెంట్, అంటే స్థూలకాయురాలిని. పక్కకు తిరిగినా వంటింటి గుమ్మంలో పట్టలేదు. హాల్లో నిలబడి, గరిటెను దుడ్డుకర్రకు కట్టి పోపు వేశాను. శుక్రవారం ఎమేసియేటెడ్, అంటే చిక్కి శల్యమైనదాన్ని. కుడిచేతి గాజులు భుజం దాకా ఎక్కి, మెడ వెనకగా నడిచి, ఎడమచేతి గాజులను పలకరించి వచ్చాయి.

మంచి మాటలు నా దాకా రావు. బెనవలెంట్ అంటే దయాళువు, అది కరస్పాండెంటుగారికి వెళ్లింది. రేడియంట్ అంటే కాంతులీనేది, అది వాళ్లావిడకు వెళ్లింది. ఆవిడ సాయంత్రం వరండాలో కూర్చుంటే వీధిలో మిగిలినవాళ్లు లైట్లు వేసుకోరు.

అర్థం రాసే పద్ధతి నాది నాకుంది. మాటను పొద్దున్నే స్టీలు గిన్నెలో నానబెడతాను. మధ్యాహ్నానికి పొట్టు పైకి తేలుతుంది, అర్థం అడుగుకు చేరుతుంది. వొరేషస్ అంటే తిండిపోతు. అది తన గిన్నెలో నీళ్లు చాలక పక్కనున్న పాలు కూడా తాగేసింది. పంతొమ్మిదేళ్లలో ఒక్క తప్పు అర్థం రాయలేదు. నన్ను తిట్టే మాటకు కూడా సరిగ్గానే రాశాను. బంగారం తూచేవాడు తన మెడలోదాన్ని కూడా అదే త్రాసులో తూచాలి. ఈ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ త్రాసు ఒక్కటే.

మూడు గంటలకు ఆయన సాయంత్రం బ్యాచ్ కాగితం తెచ్చి నా పొట్ట మీద పెడతారు.

"ఇవాళ చాలా బాగా వచ్చింది. పిల్లలకి జన్మలో మర్చిపోలేని వాక్యం."

పన్నెండో వరుస చూస్తాను. డిమైజ్. ఈ మాటను నానబెట్టనక్కర్లేదు. కళ్లతో తాకగానే బుడగ కూడా లేకుండా అడుగుకు పోతుంది. మరణం. పక్కన నాలుగో గడిలో ఆయన ముత్యాల్లాంటి ఇంగ్లీషు. తెలుగులో చెప్పాలంటే ఇది: హైమవతి డిమైజ్ ఈ సాయంత్రం ఆరు గంటలకు, కోదండపాణి హుందాగా భరిస్తాడు.

"ఏవండీ, ఇందులో నేను పోతున్నాను."

"ఉదాహరణకేగా."

"ఆరింటికి."

"టైమ్ వేస్తే వాక్యానికి ఒక నమ్మకం వస్తుంది."

"కరస్పాండెంటుగారిని పెట్టకూడదా?"

"ఆయన్ని చంపమంటావేంటే. పాపం, మంచోడు."

"మరి నేను?"

"నీకు అలవాటే కదా. పోయిన నెల కుంటిదాన్ని చేశాను, ఏమన్నా అన్నావా. సోమవారం కొత్త కాగితం ఇస్తాగా, అందులో లేపుతాను."

"సోమవారం దాకా నన్నెక్కడ ఉంచుతారు?"

ఆయన గడ్డం గోక్కుంటారు. ఏదీ ఆలోచించకుండా చెప్పే మనిషి కాదు. "ఎదురింటివాళ్ల ఫ్రిజ్ పెద్దది. అడిగి చూస్తాను," అంటారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. "అర్థాలు రాసేసి జిరాక్సు తీయించుకురా. నూట అరవై. రెండువైపులా వేయించు, కాగితం కలిసొస్తుంది. ఆ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి మరీ వెళ్లు. ఆరింటికి నలుగురూ వస్తారు."

సోమరిని కాబట్టి నేను నడవను. మంచం నడుస్తుంది. ముందు కాళ్లు రెండూ గుమ్మం దాటించి, వెనక కాళ్లు జాగ్రత్తగా దించి, వీధిలో ఎడమ పక్కగా వెళుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగి నన్ను దిండు పట్టుకోమంటుంది. ఎదురింటావిడ నన్ను చూసి ఫ్రిజ్‌లో సామాను సర్దడానికి లోపలికి వెళుతుంది.

జిరాక్సు కొట్టు సత్యవేణిది. వీధి మొత్తం కుల ధ్రువపత్రాలు, మార్కుల జాబితాలు, పెళ్లి లగ్నపత్రికలు ఆమె గాజుపలక మీద పడుకుని లేచినవే. కాగితం అందుకుని కింది నుంచి పైకి చదువుతుంది.

"అక్కా, నీ చావు కాగితం నువ్వే తెచ్చుకున్నావా?"

"ఆయనకి పనుంది."

"ఈ వాక్యం కొట్టెయ్యరాదూ."

"నాలుగో గడి ఆయనది." నిలువుగీత మీదుగా నా చూపుడువేలు చాపి చూపిస్తాను. గీత దాటినంత మేర వేలు కనబడదు. వెనక్కి తీస్తే గోరు చల్లగా ఉంటుంది. "చూశావుగా."

సత్యవేణి మూడో గడి మీద తన వేలు పెడుతుంది. వేలు నిక్షేపంగా కనబడుతుంది. "ఇది ఖాళీగానే ఉందే. అక్కా, మాట ఎంత పెద్దదన్నా కానీ, అర్థం ఎంత రాస్తే అంతే. మా ఆయన పెళ్లిలో నన్ను దేవతన్నాడు. నేను ఆ మాటకి అర్థం రాసుకోలేదు. ఇరవై ఏళ్లయింది, గుళ్లో విగ్రహంలా ఇట్టాగే కూర్చున్నా, లేపే దిక్కులేదు." కౌంటరుకు పురికొసతో కట్టిన పెన్ను నా వైపు తోస్తుంది.

మొదటి పదకొండింటికీ ఎప్పటిలాగే సరైన అర్థాలు రాస్తాను. పన్నెండో గడి దగ్గర పాళీ కొసకు 'మరణం' దానంతటదే వచ్చి వేలాడుతుంది. పంతొమ్మిదేళ్ల అలవాటు. పెన్ను విదిలిస్తాను. అది కౌంటరు మీద పడి, నల్లగా, నాలుగు కాళ్లతో అటూ ఇటూ చూస్తుంది. సత్యవేణి తడిగుడ్డతో తుడిచేస్తుంది.

డిమైజ్, అని చూసి, పక్కన రాస్తాను: ఒక ఆడమనిషి లేచి నిలబడటం, ఎవరు చెప్పినా ఇక కూర్చోకపోవడం.

నా మొదటి తప్పు. గడిలో పొగలు కక్కుతోంది, అప్పుడే పెనం మీంచి దించిన అట్టులాగా. సిగ్గుపడదామని చూస్తాను. రాదు. ఆకలి వేస్తుంది. ఇంకోటి కావాలనిపిస్తుంది.

పన్నెండో వరుస కింద రెండంగుళాల తెల్లకాగితం ఉంది. సత్యవేణి స్కేలు అడిగి పదమూడో వరుస గీస్తాను. మొదటి గడిలో, కోదండపాణి. రెండో గడిలో, రాసినట్టే పలకాలి. మూడో గడిలో, ఎవరి వాక్యంలోనైనా, ఏ పనికైనా పెట్టుకోగల వస్తువు. నాలుగో గడి ముట్టుకోను. నా గడి అడుగునే చిన్నక్షరాలతో ఒక ముక్క చేరుస్తాను: సొంతవాక్యం రాయండి.

మూడో తరగతి నుంచి ఆ ముక్క వినని తెలుగువాడు లేడు. అది కనబడ్డాక పెన్ను మూసుకుని కూర్చున్నవాడూ లేడు.

సత్యవేణి చదివి, కాగితాన్ని గాజు మీద బోర్లా పడుకోబెట్టి, మూత వేస్తుంది. "రెండువైపులా వెయ్యనక్కా. వెనక వాళ్లు రాసుకోవడానికి చోటుండాలి."

ఐదింటికి మంచం మెట్లెక్కుతుంది. మధ్యలో ఒకసారి ఆగి రొప్పుతుంది. ఆయన బోర్డు ముందు తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నారు. చొక్కా నలిగి ఉంది. సోమరులు ఇస్త్రీ చెయ్యరు, అది ఆయన వాక్యమే. నలుగుడు చూసుకుని, దుఃఖానికి ఇదీ నప్పుతుందన్నట్టు భుజాలు కాస్త వాలుస్తారు.

కాగితాలు పంచుతారు. మూడో గడి ఆయన ఎప్పుడూ చదవరు. వంటింట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉందో ఆయనకు ఎంత తెలుసో, అర్థాలు ఎక్కడినుంచి వస్తాయో అంతే తెలుసు.

నూట అరవై గొంతులు మొదలవుతాయి. ఒక్కో వరుసా నా మీదుగా వెళుతుంది. మూడో వరుసకు నాకు గూని వస్తుంది, ఏడో వరుసకు పోతుంది. ఆరుకి ఐదు నిమిషాలుండగా పన్నెండో వరుస వస్తుంది.

"డిమైజ్ అంటే ఒక ఆడమనిషి లేచి నిలబడటం. ఎవరు చెప్పినా ఇక కూర్చోకపోవడం. హైమవతి డిమైజ్ ఈ సాయంత్రం ఆరు గంటలకు."

మొదటిసారికి మంచం కింద పడుకున్న బలం లేచి చాప చుట్టేస్తుంది. రెండోసారికి అది మోకాళ్లలోకి ఎక్కుతుంది. మూడోసారికి నేను లేచి నిలబడతాను. నిలబడుతూనే ఉంటాను. తల తగలబోయేసరికి శ్లాబు మర్యాదగా రెండడుగులు పైకి జరుగుతుంది. గడియారం ఆరు కొడుతుంది.

ఆయన చేతి గడియారం చూసుకుంటారు. "ఇంకా పోలేదేంటి నువ్వు?"

"పోయానండీ. మీరు భరించండి."

"కూర్చో ముందు. పిల్లల ముందు ఏంటిది."

కూర్చోను. మొదటి బెంచీలో హెడ్ కానిస్టేబుల్ యేసుపాదం చెయ్యెత్తుతాడు. డిపార్ట్‌మెంటు పరీక్ష నాలుగోసారి రాస్తున్నాడు, మీసం నెరిసింది. "సార్, తమరి పేరు కూడా సిలబస్సులో ఉందాండి?"

"నా పేరా?"

ఆయన కాగితం ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటారు. జీవితంలో మొదటిసారి మూడో గడి చదువుతారు. పెదాలు కదులుతాయి. వస్తువు అన్న చోట ఆగుతాయి.

"హైమా, ఏంటిది?"

"అర్థం."

"మరి ఉదాహరణ ఏదీ?"

"దానికి ప్రతిభ కావాలన్నారుగా. వాళ్ల దగ్గర ఉంది."

నూట అరవై పెన్నులు కాగితం వెనకవైపు గీసుకుంటున్న చప్పుడు, ఎండుగడ్డిలో వాన పడుతున్నట్టు. ముందుగా యేసుపాదం లేచి చదువుతాడు. "కోదండపాణికి తుప్పు పట్టడం వలన మా జీపు స్టార్టు కాలేదు." బ్యాచంతా మూడుసార్లు అంటుంది. ఆయన మెడ కిర్రుమంటుంది. కాలరు మీద ఎర్రటి పొడి రాలుతుంది.

"గ్రామర్ కరెక్టేనా సార్?"

ఆయన మెడ తిరగదు. "కరెక్టే," అని నేను చెబుతాను.

రెండో బెంచీలో అంగన్‌వాడీ టీచరు: "మా అత్తగారు కోదండపాణిని మెత్తగా రుబ్బి, ఉప్పు వేసి పక్కన పెట్టింది." ఆమె వెనకావిడ: "ముసురు రోజుల్లో కోదండపాణి ఎంత పిండినా ఆరదు." మూలనున్నతను: "ఇంటర్వ్యూకి వెళితే కోదండపాణికి చిల్లు పడిందని నన్ను బయట నిలబెట్టారు." ప్రతి వాక్యానికీ ఆయన సరిగ్గా ఆ పనికి వస్తున్నారు. రుబ్బినప్పుడు మెత్తగా, పిండినప్పుడు మెలికలుగా, చిల్లు పడినప్పుడు అందులోంచి వెనకాల బోర్డు కనబడేలా. ఇంత ఉపయోగపడే మనిషని నాకూ ఇప్పుడే తెలుస్తోంది.

"హైమా," అంటారు, మిగిలిన గొంతుతో. "నువ్వొకటి రాయి. మంచి వాక్యం, ఒక్కటి. నేనెలాంటోణ్ణో నీకు తెలుసు గదా."

ఆలోచిస్తాను. నాకు తెలుసు. ఒక్క మంచి వాక్యానికి సరిపడా సామాను, వెతికితే, ఈ పంతొమ్మిదేళ్లలో ఎక్కడో దొరుకుతుంది కూడా.

"నేను వాక్యాలు రాయనండీ," అంటాను. "గుమాస్తాని."

ఆఖరి బెంచీలో కొల్లేటి లంకల నుంచి వచ్చినావిడ లేస్తుంది. చదవడానికి సిగ్గుపడుతుంది. నేను తల ఊపుతాను. "ఈ ఏడాది కోదండపాణిలో చేపలు తక్కువ."

మొదటిసారి అన్నప్పుడు ఆయన చొక్కా తడుస్తుంది. రెండోసారికి ముందు బెంచీలు తేలుతాయి. మూడోసారికి హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆయనే, పచ్చగా, అల లేకుండా. బ్యాచంతా చెప్పులు చేతిలో పట్టుకుని, కాళ్లు బెంచీల మీదకు తీసుకుని, మిగిలిన సొంతవాక్యాలు పూర్తి చేసుకుంటున్నారు.

నేను చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగుతాను. మోకాలి లోతు. పైకి కనబడినంత లోతేం లేదు. కాగితాల కట్టకు కట్టిన ట్యాగు దారం తీసి, కొసకు జడపిన్ను వంచి కట్టి, గాలం వేస్తాను. ఎక్కువసేపు నిలబడనక్కర్లేకుండానే బరువుగా లాగుతుంది.

పైకి తీస్తే ఆయన సంతకం. మూరెడు పొడుగు, కొర్రమీనులా నల్లగా, కింద రెండు గీతలూ రెండు చుక్కలతో. ఇంకా కొట్టుకుంటోంది.

సత్యవేణి పళ్లెంలో బూడిద పోసుకుని, చంకలో కత్తిపీటతో మెట్లెక్కి వస్తుంది. ఇరవై ఏళ్లకు కొట్టులోంచి లేచింది. మోకాళ్ల మీద గాజు పలక అచ్చులున్నాయి.

"తల తీసెయ్యనా అక్కా?"

"ఉంచు. తలే రుచి."

ఇద్దరం దాన్ని బూడిదలో వేసి తోముతాం. తోక బూడిద మీద ఆయన పేరు రాస్తూనే ఉంటుంది, రాసిన ప్రతిసారీ ఒక అక్షరం తక్కువగా. సత్యవేణి కత్తిపీట వాలుస్తుంది. మిగిలిన ఒక్క అక్షరం నా అరచేతిలో నోరు తెరిచి, తనకు అర్థమేమిటని అడుగుతుంది. నేను ఇంకొంచెం బూడిద అద్దుతాను.