మౌనస్వామి ఇంటి నోరు

మౌనస్వామి మీద ఆమెకి ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, మొదటిది ఇది: ఆయన నోరు మూసుకున్న రోజు నుంచీ ఆమె నోటికి విశ్రాంతి లేదు.

మౌనస్వామి అంటే మఠంలో ఉండే స్వామి కాదు, ఆమె మొగుడు. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే షాపాయన. ఎక్కడో ఒక పెద్దాయన ప్రవచనం విని వచ్చి, మనిషి పాపమంతా మాటలోనే ఉందనీ, వారానికి ఒక్క రోజైనా నాలుకని కడిగి దేవుడి ముందు పెట్టాలనీ చెప్పి, గురువారాలు మౌనం మొదలుపెట్టాడు. వీధి ఆ పేరు మొదట వెక్కిరింతకే పెట్టింది. కొన్నాళ్ళకి వెక్కిరింత అరిగిపోయి పేరు మిగిలింది. ఇప్పుడు ఆయన ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారిచ్చే వాళ్ళున్నారు. "ఆయన నోట అబద్ధం రాదండీ" అంటారు. ఎలా వస్తుంది? వచ్చే దారి వేరే ఉంటే!

మొదటి గురువారం గిన్నెలు తోముకుంటున్న ఆమెని చిటికె వేసి పిలిచి, వేలు పైకి చూపించాడు. దేవుణ్ణి తల్చుకోమంటున్నాడనుకుని ఆమె తడి చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఆయన ఇంకా గట్టిగా చూపించాడు. ఆమె ఇంకా గట్టిగా మూసుకుంది. చివరికి పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొట్టాడు. ఆయన అడిగింది ఫ్యాన్ వెయ్యమని. ఊరందరి ఫ్యాన్లూ తిప్పే మనిషి తన ఇంట్లో స్విచ్చి తను వేసుకోడు. మర్నాడు పొద్దున్న మౌనం విప్పగానే, నాలుక కడుక్కుని దేవుడి దగ్గర్నుంచి తిరిగొచ్చిన మొదటి మాట: "నీకసలు బుర్రుందా?"

తర్వాత తర్వాత ఆమె నేర్చుకుంది. ఒక చిటికె వేస్తే టీ, రెండు చిటికెలు తువ్వాలు, కనుబొమ్మ లేస్తే ఎవరొచ్చారని, అరచెయ్యి అడ్డంగా ఊగితే లేనని చెప్పమని. ఆ ఆఖరి సైగ దగ్గరే వచ్చింది చిక్కంతా. నెలల తరబడి మిక్సీ ఇవ్వలేదని గుమ్మంలో నిలబడి కేకలేసే వాళ్ళకి "ఆయన పనిమీద వెళ్ళారండీ, పార్టు రాలేదట" అని ఆమె చెప్పాలి. పార్టు ఎప్పుడో వచ్చింది. దాన్ని ఇంకొకళ్ళ మిక్సీకి వేసేశాడు. ఆయన పక్క గదిలో కళ్ళు మూసుకుని కూర్చుని, అన్నీ వింటూ, ఒక్క అబద్ధమూ ఆడకుండా దేవుడికి ఇంకాస్త దగ్గరికి జరిగేవాడు. ఎవరైనా గట్టి మనిషి మంగళవారం వస్తాడని తెలిస్తే మౌనం మంగళవారానికి మారేది. దేవుడు సర్దుకునేవాడు. ఆమె కూడా సర్దుకునేది. ఇద్దరికీ వేరే దిక్కులేదు.

ఒకసారి అడిగింది. తువ్వాలు అందిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఒక మాట. అబద్ధం పాపం చెప్పినవాళ్ళదా, చెప్పించినవాళ్ళదా?"

"నీకెందుకే పెద్ద పెద్ద సంగతులు? మొగుడి నియమం కాపాడితే పుణ్యంలో సగం నీది. అంతే తెలుసుకో."

పుణ్యంలో సగం. అబద్ధాలు మాత్రం మొత్తం. పంపకం బాగుందనుకుంది.

పోనీ బయటికి వెళ్తే అక్కడైనా నోరు తనదా అంటే, అదీ కాదు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. అందరికంటే ముందొచ్చి బెంచీలు తుడిచి, పేర్లు రాసుకుని, "డాక్టరుగారు దార్లో ఉన్నారండీ, ఐదు నిమిషాలు" అని చెప్పడం ఉద్యోగం. డాక్టరుగారు దార్లో ఉండరు. "ఇంకా స్నానమే కాలేదమ్మా, వచ్చేస్తున్నారని చెప్పు" అని ఫోన్లో ఆవలిస్తూ ఉంటారు. వాచిన బుగ్గలు అరచేతుల్లో పట్టుకుని బెంచీల నిండా మనుషులు ఆమె వైపే చూస్తారు. ఒక ముసలాయన ఒకసారి నొప్పికి ఏడుస్తూ, "నీ ఐదు నిమిషాలు ఏ గడియారంలోవే తల్లీ?" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వడం కూడా ఉద్యోగంలోదే. డాక్టరుగారు వచ్చాక అందరి ముందూ, "అయ్యయ్యో, మా అమ్మాయి మీకు చెప్పలేదూ? ఎన్నిసార్లు చెప్పినా ఇంతే ఈమె" అంటారు. జనం డాక్టరుగారికి దణ్ణం పెట్టి, ఆమెని తిట్టుకుంటూ లోపలికి వెళ్తారు. కౌంటరు అద్దం మీద 'దేవుడు చూస్తున్నాడు' అని స్టిక్కరు ఉంటుంది. అతికించింది డాక్టరుగారే, పేషెంట్లు పేపర్లు ఎత్తుకుపోకుండా.

ఆ స్టిక్కరు చూసి ఆమె భయపడేది కాదు. చూస్తే బాగుండుననుకునేది. చిన్నప్పటి నుంచీ ఆమెకి దేవుడితో చనువు. వాళ్ళమ్మ అనేది: "ఆయన కోసం ప్రత్యేకం ఎక్కడికీ పోవద్దే. నువ్వు పనిచేసే చోటే శుభ్రంగా ఉంచుకో. వచ్చి కూర్చోవాలనిపిస్తుంది ఆయనకి." అందుకే ఇల్లు ఊడుస్తూ, బట్టలు పిండుతూ ఆయనతో మాట్లాడుకునేది. పెళ్ళయ్యాక మాట్లాడటానికి ఇంకెవరూ దొరకలేదు కూడా. మొగుడు మాట్లాడే రోజుల్లో ఉత్తర్వులు, మాట్లాడని రోజుల్లో చిటికెలు. ఆడబిడ్డ, అంటే మొగుడికి అక్క, వచ్చినప్పుడల్లా దెప్పేది: "నా తమ్ముడు చూడు ఎంత నిష్ఠో! నువ్వు ఒక్కనాడైనా కదలకుండా దేవుడి ముందు కూర్చున్నావా మరదలా? ఎప్పుడు చూసినా చేతిలో చీపురేనా?" ఆ చీపురు కింద పెడితే ఎవరు తీస్తారో వదిన చెప్పలేదు.

వెనక రెండు గదులుండేవి, ముందు పదడుగుల వరండాతో. మామగారు పోయే దాకా వాటిలోనే మంచం పట్టి ఉన్నారు. ఆయన పోయాక ఆమె తన పక్క అక్కడికి మార్చుకుంది. ఇంట్లో ఆమె లోపలి నుంచి గడియ పెట్టుకోగలిగిన తలుపు అదొక్కటే. ఒక రోజు పొద్దున్నే, అలవాటు లేకపోయినా, వదిన మాట గుచ్చుకుని, ఆ గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంది. కూర్చుందో లేదో వంటింట్లో కుక్కరు కూసింది. ముందు గదిలోంచి చిటికె. అప్పుడు ఆమె నోట్లోంచి దేవుడితో ఒక మాట వచ్చింది.

"దార్లో ఉన్నానండీ. ఐదు నిమిషాలు."

అదే గొంతు. కౌంటరు గొంతు. కాస్త తేనె, కాస్త తొందర. మొదట నవ్వొచ్చింది. తర్వాత అది ఎవరితో అన్నదో తెలిసొచ్చింది. దేవుణ్ణి కూడా బుగ్గ పట్టించి బెంచీ మీద కూర్చోబెట్టేసింది. రోజూ ఎన్నిసార్లు ఆయనతో "అందరం బాగున్నాం స్వామీ" అని చెప్పింది? అది మాత్రం ఎవరి తరఫున చెప్పింది? అద్దెకిచ్చి ఇచ్చి ఇంటివాడికే చోటు లేకుండా పోయిన ఇల్లులా ఉంది తన నోరు. ఆ రోజు నుంచీ ఆమె దేవుడితో మాట్లాడటం మానేసింది. కోపం వచ్చి కాదు. ఏ గొంతుతో పిలవాలో తెలీక. అంత ఒంటరితనం ఆమెకి అంతకుముందు తెలీదు. చీపురు కదులుతుంటే చీపురు చప్పుడే వినపడేది, ఇంకేం వినపడేది కాదు.

అలాంటి రోజుల్లోనే వదిన కబురు పంపింది. వదిన బట్టలు కుట్టుకుని బతుకుతుంది, భర్త లేడు. అద్దెకున్న గది ఖాళీ చెయ్యమన్నారు. నాన్న తనకేమైనా ఇమ్మని చెప్పి పోయాడా, కూర్చుని మాట్లాడుకుందాం, వస్తున్నానని.

నాన్న చెప్పి పోయాడు. ఆమె ఆయన కింద దుప్పటి మారుస్తుండగా, కొడుకు చెయ్యి పట్టుకుని చెప్పాడు. "ముందువి నీవి. వెనక గదులు రెండూ అక్కవి. దానికి నీడ లేదురా. మాటివ్వు." కొడుకు మాట ఇచ్చాడు. కాయితం లేదు, మూడో మనిషి లేడు. ఉన్నదల్లా దుప్పటి పట్టుకుని నిలబడ్డ కోడలు. ఆమెని ఇద్దరూ లెక్కలో వేసుకోలేదు.

ముందు రోజు సాయంత్రం మొగుడు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఎప్పుడూ రాడు.

"రేపు మౌనం."

"రేపు శనివారం కదా?"

"నియమానికి వారమేంటి? అక్కొస్తుంది. నాన్న ఏమీ చెప్పలేదని నువ్వు చెప్పు."

"మీరే చెప్పండి."

"నేనెలా చెప్తానే?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను అబద్ధమాడనని నీకు తెలీదూ?" గొంతు తగ్గించి, "వెనక గది ఎవరిదనుకుంటున్నావు? పడుకునేది నువ్వే. పోతే నీదే పోతుంది, చూసుకో" అన్నాడు.

అది మాత్రం అబద్ధం కాదు.

మర్నాడు వదిన వచ్చింది. తోడుగా కార్పెంటరు బాబాయిని తెచ్చుకుంది. మామగారి చిన్నప్పటి స్నేహితుడు, వీధిలో నలుగురూ మాట వినే మనిషి. మౌనస్వామి చాప మీద కళ్ళు మూసుకుని, వెన్ను నిలబెట్టి కూర్చున్నాడు. ఆమె టీ ఇచ్చి గోడవార నిలబడింది.

"ఏరా తమ్ముడూ, ఇవాళ కూడా దేవుడేనా?" అంది వదిన. "సర్లే. వాడు మాట్లాడడు. నువ్వు చెప్పు మరదలా. పోయేటప్పుడు నాన్న దగ్గరున్నది మీరిద్దరేగా. నా ఊసేమైనా ఎత్తాడా?"

"ఎత్తి ఉండడు లేమ్మా, ఎత్తితే వీడు దాచే రకమా?" అన్నాడు బాబాయి. "నిష్ఠాపరుడు."

చాప మీద అరచెయ్యి ఒకటి అడ్డంగా ఊగింది. వచ్చిన ఇద్దరికీ కనపడకుండా, ఆమెకి మాత్రమే కనపడేట్టు.

ఆమె ఆ చేతిని చూసింది. ఆ వెనక గది గుర్తొచ్చింది. గడియ చప్పుడు గుర్తొచ్చింది. వదిన మీద ఆమెకి ప్రేమేమీ లేదు. నిజం చెప్తే ఈ మనిషి రేపు గోడకవతలే ఉంటుంది, రోజూ చీపురు గురించి మాట్లాడుతుంది. ఒక్క మాట, అలవాటైన మాట, తేనె గొంతుతో చెప్తే చాలు, గది మిగుల్తుంది. నోట్లో ఆ మాట అప్పటికే తయారై కూర్చుంది కూడా. దాన్ని మింగడానికి కాసేపు పట్టింది.

"ఎత్తారు వదినా," అంది. గొంతు బొంగురుగా, వంకరగా వచ్చింది. ఎవరిదో అనుకుంది మొదట. "వెనక గదులు రెండూ నీకే అన్నారు. ఈయన చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను."

"అబద్ధం!"

మౌనస్వామి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ మౌనంలో ఆయన నోరు జారింది ఆ ఒక్కసారే. ఆ జారిన ఒక్క మాట కూడా నిజం కాదు. కార్పెంటరు బాబాయి టీ గ్లాసు మెల్లగా కింద పెట్టి ఆయన వంక చూశాడు.

"కూర్చోరా," అన్నాడు. "మీ నాన్న నాకూ అదే చెప్పాడు. చచ్చేముందు కాదు, ఆ గదులకి తలుపులు బిగించేటప్పుడే. నువ్వు ఏం చేస్తావో చూద్దామని ఊరుకున్నాను. నిష్ఠాపరుడివి కదా."

వదిన థాంక్స్ చెప్పలేదు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంది.

"మీ తమ్ముణ్ణి" అందామనుకుని, ఊరుకుంది.

వదిన కుట్టుమిషనుతో సహా దిగింది. మధ్యలో గోడ లేచింది. గోడకవతల ఎవరితోనో, "మా మరదలా? ఇన్నాళ్ళు నిజాన్ని కడుపులో దాచుకున్న అబద్ధాలకోరండీ" అని చెప్తుంటే వినపడింది. అదీ నిజమే కాబట్టి ఆమెకి కోపం రాలేదు. మొగుడు ఇప్పుడు షాపులో అందరితో బాగానే మాట్లాడుతున్నాడు. మౌనం ఆమె ఒక్కదానితోనే. చిటికెలు కూడా లేవు. ఆమె పక్క వంటింట్లోకి మారింది. తెల్లారి స్టవ్వు ముట్టించే ముందు, ఆ బొంగురు గొంతుతోనే, "బాగాలేను స్వామీ" అని మొదలుపెడుతుంది. తొందరేం ఉండదు. ఎవరూ పిలవరు.

తన నోరు తనకి తిరిగి రావడానికి ఆమెకి అయిన ఖరీదు ఇది: వెనక గదులు రెండు, వాటి ముందు పదడుగుల వరండా, లోపలి నుంచి గడియ పడే తలుపు ఒకటి.