తెల్ల దస్తీ

తడిగుడ్డలో మెత్తబడ్డ తునికాకు మీద రేకు అచ్చు పెట్టి సాలవ్వ కత్తిరిస్తోంది. బీడీల కొనలు మడిచి మడిచి ఆమె బొటనవేలి గోరు ఎప్పుడో ఓ పక్కకు అరిగిపోయింది. ఎదురుగా కోడలు తార తంబాకు జల్లెడ పడుతోంది. ఇద్దరి నడుమ దూలానికి వేసిన ఊయలలో మనుమరాలు పడుకుంది. తంబాకు వాసనకు పిల్లలు సతాయించకుండా నిద్రపోతారని ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరూ అనుకునేదే. సాలవ్వ తన కొడుకునూ అట్లాగే పెంచింది.

గుమ్మంలో ఘనీ చెప్పులు విడిచాడు. కామారెడ్డిలో రేడియోలు బాగుచేస్తాడు, అక్కడి వారపత్రికకు సైన్సు సంగతులు రాస్తాడు. కిందటిసారి బీడీ దుమ్ము గురించి రాస్తూ, పేరు లేకుండా 'ఒక కార్మికురాలు' అని వేశాడు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చిన సాలవ్వ దాన్ని కూడబలుక్కుంటూ వాడకంతా వినిపించింది. "ఎవలో, ఏ ఊరిదో! మనకేం గాదు" అని నవ్వుకుంటూ లేచిపోయారంతా.

"చేతిల ఏందిరా కొడుకా?"

"దస్తీ అవ్వా. తడిపి ఊయల తాడుకు కడుత. పొద్దుగూకినంక చూద్దాం."

"దిష్టి తీయనీకి వచ్చినవా?"

"దిష్టి గాదు, దుమ్ము. గాలిల ఎంతున్నదో అదే చెప్తది."

ఆ తెల్లటి చేతిరుమాలు తాడుకు కట్టి, అతను వేరే ఇండ్లకు వెళ్లిపోయాడు. సాలవ్వ చుడుతూనే ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దస్తీ ఆరినప్పుడల్లా లేచి తడిపింది. మధ్యాహ్నానికి అది చాయ్ రంగుకు తిరిగింది. తర్వాత ఆమె దానివైపు చూడటం మానేసి పిల్లవైపు చూడసాగింది.

సాయంత్రం, ఆకు ఇచ్చి బీడీలు తీసుకుపోయే టేకేదారు కిష్టయ్య వచ్చాడు. దస్తీని చూడగానే మొహం మారింది.

"పేపరోడు తిరుగుతున్నడట. నీ పేరు అండ్ల పడ్డదో, ఈ ఇంటికి ఆకు బందు."

తార చేతిలో జల్లెడ ఆగింది. పొయ్యి వెలిగేది ఆ ఆకుతోనే.

"నా పేరు గంత బరువున్నదా కిష్టయ్యా, మీ కార్ఖానా కూలనీకి?" అంది సాలవ్వ.

అతను విసురుగా వెళ్లాక ఘనీ వచ్చాడు. సంగతి విని తల దించుకున్నాడు. "పేరు వద్దులే అవ్వా. ఊరి పేరు చాలు."

"పేరు లేకుంటే మల్ల నవ్వుతరు. తారా, నువ్వేమంటవు? రేపు ఆకు కోసం తిరిగేది నువ్వు."

తార లేచి ఊయల దగ్గరికి వెళ్లింది. దస్తీ మడత విప్పి చూసింది. లోపలి అంచు ఒక్కటే తెల్లగా మిగిలింది. పిల్లను భుజాన వేసుకుని, ఊయల తాడు ఊడదీసి, బయట పంచలో కట్టింది.

సాలవ్వ ఘనీ కలం అడిగి తీసుకుంది. "నువ్వు రాస్తే నీ మాటంటరు." పెదవి కొరికి పట్టి, తెల్ల అంచు మీద తన పేరు తానే రాసింది.

తెల్లారి తార చాయ్ తెచ్చేసరికి సాలవ్వ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఒళ్లో తునికాకు, వేళ్లలో కత్తెర. ఎంత పిలిచినా పలకలేదు.

సాలవ్వను మట్టిలో పెట్టి వచ్చాక ఘనీ తారను మెల్లగా అడిగాడు. "పేరు తీసెయ్యాల్నా?"

"ఉండనియ్యి. ఆమె రాసుకున్నది."

దస్తీ ఫొటోతో పత్రిక వచ్చింది. కిష్టయ్య అన్నంత పనీ చేశాడు. తార పక్క వాడ టేకేదారు దగ్గర ఆకు తెచ్చుకుంటోంది. ఈసారి వాడలో ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్క ఇంటి ఊయలా పంచలోకి వచ్చింది.

ఘనీ తిరిగి ఇచ్చిన దస్తీని తార లోపల పాత తాడు రాసుకుపోయిన దూలానికి కట్టింది. మట్టిరంగు గుడ్డ, ఒక తెల్ల అంచు, దాని మీద కాస్త పక్కకు ఒరిగిన అక్షరాలు: సాలవ్వ.